దొరకలేదు అంటే లేదని కాదు

మన భాషలో ‘లేదు’ చాలా పెద్ద మాట. ఒక్క పదంతో వస్తువు ఉనికినే తుడిచిపెట్టేస్తుంది. ‘దొరకలేదు’, ‘కనబడలేదు’ అన్నవి అంతకంటే చిన్నవి, వినయం గలవి. వెదికినవాడి చూపు ఎంతమేర పోయిందో అంతమేరకే అవి పూచీ పడతాయి. కళ్ళజోడు దొరకడం లేదని తాతగారు ఇల్లంతా కలయదిరుగుతుంటే, ఆ ఇంట్లో కళ్ళజోడే లేదని ఎవరూ అర్థం చేసుకోరు. నుదుటి మీద చూసుకోమంటారు. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెదికినట్లు అన్న సామెత పుట్టిందీ ఈ తేడా తెలిసిన వాళ్ళ నోటనే.

ఇంత స్పష్టమైన తేడాను నిత్యజీవితంలో పాటించే మనం, కంప్యూటరు ముందు కూర్చోగానే మరచిపోతాం. నల్లని టెర్మినలు తెర మీద ఒక ఆదేశం కొడతాం. “కమాండ్ నాట్ ఫౌండ్” అని ఒక ముక్క జవాబు వస్తుంది. అక్షరాలా చూస్తే ఆ మాటకు అర్థం ‘ఆదేశం దొరకలేదు’ అని. మన మనసు మాత్రం దాన్ని ‘లేదు’ అని చదువుకుంటుంది. లేదు కాబట్టి మళ్ళీ వేసుకోవాలని ఒక పూట, వేసుకున్నా లేదంటోంది కాబట్టి యంత్రంలోనే లోపముందని మరొక పూట, చివరకు లోపం తనలోనే ఉందని ఇంకొక పూట. ఈ మూడు మెట్లూ దిగినవాళ్ళను వృత్తిరీత్యా చాలామందినే చూశాను. మూడో మెట్టు దగ్గర ఆగిపోయినవాళ్ళు తిరిగి పైకి రావడం కష్టం. ఆ మెట్టు గురించే ఈ నాలుగు మాటలు.

సాఫ్ట్‌వేరు రంగంలో లేని చదువరుల కోసం ముందుగా కొంచెం నేపథ్యం. 2009లో రయన్ డాల్ నోడ్ జేఎస్‌ను వెలువరించాడు. అంతవరకూ ప్రధానంగా బ్రౌజరులోనే బతికిన జావాస్క్రిప్టు భాషకు బయట తిరిగే స్వేచ్ఛను విస్తృతంగా ఇచ్చిన పనిముట్టు అది. మరుసటి ఏడు ఐజాక్ ష్లూటర్ దానికి తోడుగా ఎన్‌పీఎం తయారుచేశాడు. ఎవరో రాసిపెట్టిన ఉపకరణాలను ఒక్క ఆదేశంతో మన యంత్రంలోకి దించి పెట్టే సరుకుల బండి అనుకోండి. ఆ సరుకును రెండు విధాలుగా దించుకోవచ్చు. ఒకటి, చేస్తున్న పని తాలూకు ఫోల్డరులో, ఆ పనికి మాత్రమే. రెండవది ‘గ్లోబల్’గా, అంటే ఏ ఫోల్డరులో ఉన్నా పేరు పెట్టి పిలిస్తే పలికేట్టుగా. చిక్కంతా ఈ రెండవదానితోనే. వస్తువును ఇంట్లో దించడం ఒక పని. అది ఎక్కడుందో పిలిచేవాడికి తెలియజేయడం మరొక పని. మొదటిది సాధారణంగా జరుగుతుంది. రెండవది ఒక్కోసారి జరగదు. మొదటిది జరిగిందని చెప్పే సందేశం మాత్రం నిండుగా, తృప్తిగా వస్తుంది.

మా అక్కయ్య కూతురు ఇంజినీరింగు చివరి సంవత్సరంలో ఉండగా ఒక శనివారం రాత్రి ఫోను చేసింది. పదో తరగతి దాకా గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో తెలుగు మాధ్యమంలో చదువుకున్న పిల్ల. ఒక సంస్థ ఇంటర్న్‌షిప్పు కోసం చిన్న పని ఇచ్చి సోమవారం ఉదయానికి పూర్తిచేసి పంపమన్నదట. టైప్‌స్క్రిప్టు అనే భాషలో చేయాలి. గొంతు అప్పటికే పూడుకుపోయి ఉంది.

“మావయ్యా, నాకీ సాఫ్ట్‌వేరు అచ్చిరాదు. నాన్న చెప్పినట్టు బ్యాంకు పరీక్షలకే కూర్చుంటాను.”

“కూర్చుందువుగాని. ముందు ఏం జరిగిందో చెప్పు తల్లీ.”

“నిన్న రాత్రి పనిచేసింది. పొద్దున్నుంచి టీఎస్‌సీ అని కొడితే దొరకలేదంటోంది. మూడుసార్లు మళ్ళీ వేశాను. మూడుసార్లూ ప్యాకేజీ చేరిందనే వచ్చింది, ఎర్రక్షరాలు ఒక్కటీ లేవు. పిలిస్తే మాత్రం లేదంటుంది. హాస్టల్లో సీనియరక్క ముందు సుడో పెట్టి వేసెయ్యమంది. వెయ్యనా?”

“ఆగు. అది లేదంటోందా, దొరకలేదంటోందా?”

“రెండూ ఒకటే కదా మావయ్యా?”

ఒకటే కాదు. ‘నిన్న రాత్రి పనిచేసింది’ అన్న మాటలోనే సగం జవాబుంది. నిన్న ఏం చేశావని అడిగితే చెప్పింది. మొదట వేసినప్పుడు అనుమతి లేదని ఎన్‌పీఎం మొరాయించిందట. లినక్సులో ఈ గ్లోబల్ సరుకు దిగే చోటు మామూలుగా యంత్రాధిపతి సొత్తు. సాధారణ వాడుకరి అక్కడ చేయి పెడితే ఈ‌యాక్సెస్ అన్న లోపం వస్తుంది. ఈ పిల్ల ఒక వీడియో చూసి, సరుకు దిగే చోటును తన సొంత ఇంటి ఫోల్డరుకు మార్చుకుంది. మంచి పనే. ఎన్‌పీఎం వారి అధికారిక పత్రాల్లో సూచించే రెండు మార్గాల్లో అదొకటి. ఆ తరువాత వీడియోలో చెప్పినట్టు ‘ఎక్స్‌పోర్ట్ పాత్’ అనే వాక్యాన్ని టెర్మినల్లో కొట్టింది. పనిచేసింది. సంతోషంగా లాప్‌టాపు మూసి పడుకుంది.

“ఇప్పుడు ఎన్‌పీఎం ప్రిఫిక్స్ హైఫన్ జీ అని కొట్టి, ఏం చూపిస్తుందో చదువు.”

“స్లాష్ హోమ్, నా పేరు, దాని కింద డాట్ ఎన్‌పీఎం హైఫన్ గ్లోబల్ అని ఉంది.”

“ఆ ఫోల్డరులో బిన్ అని ఇంకొకటుంటుంది. ఎల్‌ఎస్ కొట్టి అందులో ఏముందో చూడు.”

రెండు క్షణాలు నిశ్శబ్దం.

“మావయ్యా! టీఎస్‌సీ ఇక్కడే ఉంది!”

ఆ అరుపులో ఉన్న ఆశ్చర్యం నాకిప్పటికీ గుర్తు. పొద్దున్నుంచి లేదనుకున్నది పొద్దున్నుంచీ అక్కడే ఉంది. తరువాత ‘ఎకో’ అని కొట్టి, పక్కన డాలరు గుర్తుతో పాత్ అని పెద్ద అక్షరాల్లో రాయమన్నాను. కోలన్లతో విడదీసిన పొడుగాటి వరుస ఒకటి తెర మీదికి వచ్చింది. ఒక్కొక్క పేరే చదివించాను. యూఎస్‌ఆర్ లోకల్ బిన్ ఉంది, యూఎస్‌ఆర్ బిన్ ఉంది, ఉత్త బిన్ కూడా ఉంది. తన ఇంటి ఫోల్డరు మాత్రం ఎక్కడా లేదు.

“మనది లేదు మావయ్యా,” అంది. ఆ రాత్రి ఆ పిల్ల వాడిన ‘లేదు’లన్నిటిలోకీ నిజమైనది అదొక్కటే.

పాత్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. టెర్మినల్లో మన మాట వినే ప్రోగ్రాముకు షెల్లు అని పేరు. అది చాలా నిక్కచ్చి పనివాడు. మనం ఒక పేరు చెప్పగానే యంత్రమంతా గాలించడు. అలా గాలిస్తే ప్రతి ఆదేశానికీ లక్షల ఫైళ్ళు తిరగేయాల్సి వస్తుంది. యజమాని చేతిలో పెట్టిన చీటీలో ఏ ఇళ్ళ పేర్లున్నాయో ఆ ఇళ్ళ తలుపులు మాత్రమే, ఉన్న వరుసలోనే తడతాడు. మొదట ఏ ఇంట్లో ఆ పేరుగల మనిషి కనబడితే ఆయన్నే వెంటబెట్టుకొని వస్తాడు. చివరి ఇంటి దాకా ఎవరూ పలకకపోతే తిరిగొచ్చి ‘దొరకలేదు’ అంటాడు. పక్క వీధిలో ఉన్నాడేమోనని చూడడు, చూడమని మనం చెప్పలేదు కాబట్టి. ఆ చీటీయే పాత్.

ఈ చీటీకి చరిత్ర ఉంది. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యునిక్సు ఆరో కూర్పు 1975లో వెలువడింది. ఆనాటి షెల్లుకు చీటీ లేదు, ఒక స్థిరమైన అలవాటు మాత్రం ఉంది. చెప్పిన పేరును ఉన్నదున్నట్టు చూసేది, దొరకకపోతే బిన్‌లో చూసేది, అక్కడా లేకపోతే యూఎస్‌ఆర్ బిన్‌లో చూసేది. అంతటితో సరి. తక్కువగా వాడే ఆదేశాలను ఆ చివరి చోట పెట్టేవారు. 1979లో వచ్చిన ఏడో కూర్పులో స్టీఫెన్ బోర్న్ రాసిన కొత్త షెల్లు ఈ అలవాటును మార్చింది. ఎక్కడెక్కడ వెదకాలో వాడుకరే రాసి ఇచ్చుకునే వీలు కల్పించింది. నేటి బాష్, జెడ్‌షెల్ ఇంకా అదే పద్ధతి మీద నడుస్తున్నాయి. అంటే, మా మేనకోడలు ఆ రాత్రి తలపడినది తనకంటే పాతికేళ్ళు పెద్దదైన ఒక ఏర్పాటుతో. దాన్ని ఆ పిల్లకు ఎవరూ పరిచయం చేయలేదు.

నిన్న పనిచేసి నేడు మానుకోవడానికి కారణం కూడా ఈ ఏర్పాటులోనే ఉంది. ఆ చీటీ ప్రతి టెర్మినలు కిటికీకీ విడి ప్రతి. కిటికీ తెరిచినప్పుడు తల్లి ప్రక్రియ నుంచి పిల్లకు ఒక నకలు అందుతుంది. పిల్ల తన నకలును దిద్దుకుంటే తల్లి దగ్గరున్నది మారదు, పక్క కిటికీలోనిదీ మారదు. కిటికీ మూయగానే దిద్దుబాటూ పోతుంది. రాత్రి కొట్టిన ఎక్స్‌పోర్టు వాక్యం ఆ రాత్రితోనే చెల్లిపోయింది. నిలిచి ఉండాలంటే, కిటికీ తెరిచిన ప్రతిసారీ షెల్లు చదువుకునే ఫైలులో రాయాలి. ఉబుంటులో బాష్ వాడేవారికి అది ఇంటి ఫోల్డరులో దాగి ఉండే డాట్ బాష్ ఆర్‌సీ. దాని చివర ఆ ఒక్క వాక్యం రాయించి, కిటికీ మూసి కొత్తది తెరవమన్నాను. టీఎస్‌సీ పలికింది. వెర్షను సంఖ్య చెప్పింది. మొత్తం పదిహేను నిమిషాలు పట్టలేదు.

ఆ వాక్యం రాసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొత్త చోటు పేరు రాసి, కోలన్ పెట్టి, పాత చీటీని కూడా వెంట తీసుకురావాలి. పాతదాన్ని కలపడం మరిస్తే చీటీలో ఒక్క ఇల్లే మిగులుతుంది. అప్పుడు ఎల్‌ఎస్ లాంటి అతి సామాన్యమైన ఆదేశం కూడా దొరకలేదంటుంది. చాలామంది ఇక్కడ యంత్రం పాడైందని హడలిపోతారు. ఏదీ పోలేదు. స్లాష్ బిన్ స్లాష్ ఎల్‌ఎస్ అని పూర్తి చిరునామాతో పిలిస్తే నిక్షేపంగా పలుకుతుంది.

సుడో ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. సుడో అంటే యంత్రాధిపతి వేషం వేసుకోవడం. ఆ సీనియరు చెప్పినట్టు చేసి ఉంటే బహుశా పనిచేసేదే. అధిపతి పేరిట వేస్తే సరుకు పాత చోటే దిగుతుంది, అది చీటీలో ముందే ఉంది. కాని ఎన్‌పీఎం ప్యాకేజీలు దిగేటప్పుడు తమ వెంట తెచ్చుకున్న చిన్న ప్రోగ్రాములను నడపగలవు. ముక్కూమొహం తెలియని వారు రాసిన ఆ ప్రోగ్రాములకు ఇంటి తాళాల గుత్తి మొత్తం ఇవ్వడం వివేకం కాదు. పైగా అధిపతి పేరిట తయారైన ఫైళ్ళను తరువాత మామూలు వాడుకరి దిద్దబోతే మళ్ళీ అనుమతి లేదంటుంది. ఒక చిక్కు విప్పబోయి రెండు ముళ్ళు వేసినట్టవుతుంది.

ఇదే సందేశానికి వేరే కారణాలూ ఉంటాయి. అన్నిటికీ మూలం మాత్రం ఒకటే: వస్తువున్న చోటుకూ వెదికిన చోటుకూ పొత్తు కుదరకపోవడం. నోడ్ రకరకాల కూర్పులను మార్చి మార్చి వాడేందుకు ఎన్‌వీఎం అనే ఉపకరణం ఉంది. దానిలో ఒక్కొక్క కూర్పుకూ ఒక్కొక్క గ్లోబల్ కొట్టు. కూర్పు మార్చగానే నిన్నటి కొట్టు చీటీలోంచి తప్పుకుంటుంది. సరుకు అక్కడే ఉంటుంది, దారి మారుతుంది. మ్యాక్ వాడేవారికి 2019లో కాటలీనా కూర్పుతో కొత్త ఖాతాలకు బాష్ స్థానంలో జెడ్‌షెల్ వచ్చింది. పాత పుస్తకాలు చూసి బాష్ ఫైలులో ఎంత రాసినా జెడ్‌షెల్ దాని వంక చూడదు. దాని ఫైలు డాట్ జెడ్‌ఎస్‌హెచ్ ఆర్‌సీ. విండోసులో సరుకు మామూలుగా వాడుకరి ఫోల్డరు కింద యాప్‌డేటాలో, రోమింగు లోపలి ఎన్‌పీఎం ఫోల్డరులో దిగుతుంది. అక్కడ చీటీలోని పేర్లను విడదీసేది కోలన్ కాదు, సెమికోలన్. చీటీ దిద్దాక, అంతకుముందే తెరిచి ఉన్న కిటికీకి ఆ సంగతి తెలియదు. అది మూసి కొత్తది తెరవాలి.

ఒక్కోసారి చిక్కు చోటులో కాక పేరులోనే ఉంటుంది. ప్యాకేజీ పేరు టైప్‌స్క్రిప్టు, పిలవవలసిన పేరు టీఎస్‌సీ. యాంగ్యులర్ వారి ఉపకరణాన్ని పిలవాలంటే ఎన్‌జీ అనాలి. బడి రిజిస్టరులో ఒక పేరు, ఇంట్లో మరొక పేరు ఉన్న పిల్లల్లాగే ఇవీ. ఏ పేరుకు పలుకుతుందో ఆ ప్యాకేజీ తాలూకు ప్యాకేజ్ జేసన్ ఫైలులో, బిన్ అన్న శీర్షిక కింద రాసి ఉంటుంది.

షెల్లు ఇంకొక ఆనవాలు కూడా వదిలివెళుతుంది. ప్రతి ఆదేశం ముగిశాక ఒక సంఖ్య మిగులుతుంది. ఎకో పక్కన డాలరు గుర్తు, ప్రశ్నార్థకం పెడితే అది కనబడుతుంది. 127 వస్తే దొరకలేదని. 126 వస్తే దొరికింది గాని నడపడానికి వీలుకాలేదని. ఈ రెంటి మధ్య తేడా చూడండి. మొదటిదాంట్లో చీటీని దిద్దాలి, రెండవదాంట్లో సాధారణంగా అనుమతులను. మళ్ళీ వేసుకోవడం అన్న మందు చాలాసార్లు ఈ రెంటికీ పనిచేయదు. అయినా అందరూ మొదట మింగే మాత్ర అదే.

ఇంత చిన్న విషయానికి ఇంత వ్యాసమా అని కొందరికి అనిపించవచ్చు. తెలిసినవాళ్ళకు ఇది చిన్నదే. చిక్కు కూడా అక్కడే ఉంది. తెలిసినవాళ్ళు దీన్ని చెప్పవలసిన విషయంగా గుర్తించరు. కళాశాలలో కంపైలర్ల సిద్ధాంతం చెబుతారు, ఆపరేటింగ్ సిస్టముల నిర్మాణం చెబుతారు. వేసుకున్న పనిముట్టు పిలిస్తే ఎందుకు పలకలేదో చెప్పే పాఠం ఏ సెమిస్టరులోనూ ఉండదు. ఇది మన కళాశాలల లోపమే అనుకోనక్కరలేదు. అమెరికాలోని ఎంఐటీలో 2020 జనవరిలో కొందరు పరిశోధక విద్యార్థులు ఈ లోటును పూరించడానికే ఒక ప్రత్యేక తరగతి నడిపారు. కంప్యూటరు శాస్త్ర విద్యలో తప్పిపోయిన సెమిస్టరు అని దానికి పేరే పెట్టారు. మొదటి పాఠంలోనే షెల్లు గురించి, పాత్ గురించి చెప్పారు. అంతటి చోట చదువుకునేవారికే ఇది విడిగా నేర్పవలసి వచ్చింది.

అయితే ఈ తెలియకపోవడం అందరినీ ఒకేలా దెబ్బకొట్టదు. ఇంట్లో ఇద్దరు ఇంజినీర్లున్న పిల్లవాడు భోజనాల బల్ల దగ్గర అడిగి తెలుసుకుంటాడు. వాడి లెక్కలో అదొక చిరాకు మాత్రమే. తన కుటుంబంలో మొదటిసారిగా ఈ చదువుకు వచ్చిన పిల్లకు అదే సందేశం తీర్పులా వినబడుతుంది. ఇంగ్లీషులో వచ్చిన ప్రతి మాటనూ తనకంటే ఎక్కువ తెలిసినవారి మాటగా తీసుకోవడం ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ అలవాటు. దొరకలేదన్నది ముందు లేదుగా మారుతుంది. లేదన్నది నీకు రాదుగా మారుతుంది. నీకు రాదన్నది బ్యాంకు పరీక్షల పుస్తకంగా మారుతుంది. బ్యాంకు ఉద్యోగం తక్కువని నేననను. ఇష్టపడి వెళ్ళితే అది దారి. ఒక చీటీలో ఒక పేరు లేనందువల్ల వెళ్ళవలసి వస్తే దారి కాదు.

ఆ పిల్ల ఆదివారం సాయంత్రానికి పని పూర్తిచేసి పంపింది. ఆ సంస్థ తీసుకోలేదు. తీసుకోలేదన్న కబురు చెప్పడానికి ఫోను చేసినప్పుడు గొంతు మామూలుగానే ఉంది. మరొక చోట ప్రయత్నిస్తున్నానంది. హాస్టల్లో ఇంకొకరికి ఇదే సందేశం వస్తే తానే వెళ్ళి చూసిందట. “మళ్ళీ వెయ్యొద్దు, ముందు అది ఎక్కడ వెదికిందో చూడు అన్నాను మావయ్యా,” అంది. ఉద్యోగం కబురు కంటే నాకు ఆ మాటే ఎక్కువ సంతోషం కలిగించింది.

కాబట్టి ఈ సందేశం ఎదురైనప్పుడు నాలుగు ప్రశ్నలు ఈ వరుసలో వేసుకోండి. సరుకు నిజంగా ఎక్కడ దిగింది? నేను పిలుస్తున్న పేరు దాని అసలు పేరేనా? షెల్లు చీటీలో ఆ చోటుందా? చీటీ దిద్దాక కొత్త కిటికీ తెరిచానా? వీటిలో ఒక్కటి కూడా మీ తెలివితేటల గురించి అడగదని గమనించండి.

ఇప్పటివరకు ఏ చిక్కూ రాకపోయినా సరే, తీరిక ఉన్నప్పుడు ఒకసారి మీ యంత్రంలో ఆ చీటీని తెరిచి చదవండి. మీ తరఫున ప్రతిరోజూ వందసార్లు తలుపులు తడుతున్న పనివాడు ఏయే వీధుల్లో తిరుగుతున్నాడో తెలుస్తుంది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఈ చదువులో కొత్తగా అడుగుపెట్టిన పిల్లలుంటే, వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని చదవండి.